నీళ్లకు పోయానన్న మాట

మరమగ్గాల పేట నార్పోలిలో మాది ఒక్క గది ఖోలీ, పైన చిన్న అటక. అందులో మేమిద్దరం తోడికోడళ్లం తొమ్మిదేళ్లు కలిసి బతికాం. ఆమె పెద్దది. నేను అక్కా అని పిలిచేదాన్ని. మా మగవాళ్లిద్దరూ ఒకే షెడ్డులో మగ్గాలు నడిపేవాళ్లు. అక్క ఇంట్లో ఉండి వంట చేసేది, తన కొడుకుతో పాటు నా బిడ్డనూ బడికి తయారుచేసి పంపేది. మధ్యలో ఖాళీ దొరికితే చిన్న మోటరు మీద మగ్గాలకు నూలు కండెలు చుట్టేది.

నేను దగ్గర్లోని పూర్ణలో ఒక గోదాముకు పనికి పోయేదాన్ని. చేతిలో స్కానర్ పట్టుకుని ర్యాకుల మధ్య రోజంతా నడవాలి. తెర మీద వచ్చిన సామాను తీసి డబ్బాలో వేయాలి. కూర్చోవడానికి ఒక స్టూలైనా ఉండదు. కాస్త వెనకబడితే సూపర్‌వైజర్ అందరి ముందూ పేరు పెట్టి అరిచేవాడు. అక్కడ నోరెత్తితే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకని ఆ మాటలన్నీ మింగి షేర్ రిక్షా ఎక్కేదాన్ని. ఇంటికి రాగానే మొదట కనిపించేది అక్క. మింగినదంతా ఆమె మీద కక్కేదాన్ని. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకనాడు, ఆరేసిన బట్టల మీద నూలు దుమ్ము పడిందని ఒకనాడు.

ఒక సాయంత్రం నేను తలుపు దగ్గర చెప్పులు విడుస్తుంటే మోటరు గుయ్యిమంటోంది.

"జెర బందు చెయ్యరాదా అక్కా! గాడ గదే మోత, ఈడ గిదే మోత."

"ఇంకో నాలుగు కండెలే చెల్లె. అయిపోయినయ్."

"నీకేంది, నీడపట్టున కూసుంటవ్. పది గంటలు కాళ్ల మీద నిలబడి చూడు, అప్పుడు తెలుస్తది."

ఆ మాట నేను అంతకుముందు ఎన్నిసార్లు అన్నానో. ఎప్పుడూ నవ్వి ఊరుకునే మనిషి ఆ రోజు మోటరు ఆపి నా వైపు చూసింది.

"అయితే నన్ను సుత తీస్కపో. నేను సుత చూస్త."

కోపంతో అన్నదనుకున్నాను. కాదు. ఆమెకు నిజంగానే రావాలని ఉంది. అక్క తెలుగులో మూడో తరగతి చదివింది. గోదాములో ర్యాకుల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వారం రోజులు వంటయ్యాక నేల మీద సుద్దముక్కతో రాసి చూపించాను. పిల్లలిద్దరూ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, యే గలత్ హై" అని ఒకరు, "అమ్మా, ఫిర్ సే లిఖో" అని ఒకరు, తప్పు చూపించి మళ్లీ రాయించేవాళ్లు. ఆమె చీర కొంగుతో తుడిచి మళ్లీ రాసేది. ఆ వారం మా ఇంట్లో ఒక్క గొడవ లేదు. ఇప్పుడు తలచుకుంటే, ఆ తొమ్మిదేళ్లలో నాకు బాగా గుర్తున్నవి ఆ ఏడు రోజులే.

కాంట్రాక్టరుతో మాట్లాడి పనిలో పెట్టించాను. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు సరుకు ఎక్కువొచ్చింది. అందరం పరుగుల మీద ఉన్నాం. అక్క ఎమ్‌కూ ఎన్‌కూ తేడా మరిచిపోయి, ట్రాలీ నిండా ఉన్న సామానంతా వేరే ర్యాకులో సర్దేసింది.

సూపర్‌వైజర్ ఆమె కంటే పదేళ్లు చిన్నవాడు. అందరినీ ఆపి, ఆమెను మధ్యలో నిలబెట్టి, చదవడం రానిదానివి ఎందుకొచ్చావని హిందీలో అరిచాడు. ఒక పెట్టె చేతికిచ్చి, దాని మీద ఏం రాసుందో అందరికీ వినపడేలా చదవమన్నాడు. అక్క మొదటి అక్షరం మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"కిస్‌కే సాథ్ ఆయీ హై యే?" అన్నాడు. ఎవరితో వచ్చిందని.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అక్క తల తిప్పి నా కోసం వెతకడం చూశాను. ఆమె చూపు నా వైపు వచ్చేలోపు ర్యాకు వెనక్కి జరిగాను. చేతిలో స్కానర్ ఉంది. ఏ డబ్బా మీదో ఊరికే నొక్కుతూ నిలబడ్డాను. నా పని పోతుందన్న భయం తప్ప ఆ నిమిషంలో నాకింకేమీ తోచలేదు.

సాయంత్రం రిక్షాలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక అడిగింది.

"గప్పుడు నువ్వెటు పోయినవ్ చెల్లె?"

"నీళ్లకు పోయిన."

"నయమే అయింది," అన్నది. ఇంటికొచ్చాక బావతో, "నడుము నొస్తున్నది, నాతోని కాదు ఆ పని," అని చెప్పి మళ్లీ కండెల మోటరు ముందు కూర్చుంది. నేను తలుపు తీసిన చప్పుడు కాగానే మోటరు ఆపేసేది. నేను ఏమీ అనక ముందే ఆపేసేది. అది నాకు ఇంకా బాధగా ఉండేది.

ఆ ఏడే షెడ్డు సేటు మగ్గాలను తుక్కుకు అమ్మేశాడు. మా ఆయనకు కాశేలి గోదాముల్లో హమాలీ పని దొరికింది. బావ మగ్గాల పనికి సూరత్ పోదామని అక్కతో అన్నాడు. వాళ్లు బయలుదేరే రోజు పొద్దున అక్క గిన్నెలు గోనెసంచిలో కడుతోంది. నా గుండెల్లో ఉన్నది చెప్పకపోతే బతకలేననిపించింది. పక్కన కూర్చుని చెప్పేశాను.

"అక్కా, ఆ దినం నేను నీళ్లకు పోలే. ఆడనే ఉన్న. అంత చూసిన. భయపడి ర్యాకు ఎనక దాక్కున్న. నన్ను మాఫ్ చెయ్యి."

ఏడ్చాను. చెప్పేశాక నా మనసు తేలికైంది, అబద్ధమెందుకు. అక్క చేతిలోని తాడు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు చూడలేదనే ధైర్యంతోని గిన్నాళ్లు నీ ముంగట తిరిగిన. గిప్పుడెందుకు చెప్పినవే?"

తర్వాత నా కళ్లు తన కొంగుతో తుడిచింది. తన కళ్లు తుడుచుకోలేదు. మూట బిగించి ముడేసింది.

సూరత్ నుంచి వారానికోసారి ఫోన్ చేస్తుంది. నా బిడ్డతో గలగలా మాట్లాడుతుంది, పరీక్షలెట్లా రాశావని, జడ ఎవరు వేస్తున్నారని. నేను ఫోన్ తీసుకుంటే, "అంత మంచేనా చెల్లె, పైలం," అని జాగ్రత్త చెప్తుంది. నేను ఇంకేదైనా అడిగేలోపు, ప్రతిసారీ, పొయ్యి మీద పాలున్నాయంటుంది. నేను సరే అంటాను.