యాదలక్ష్మి పెట్టిన కన్ను

మీర్‌పేట్‌లో రేకుల షెడ్డు వేసుకుని మట్టయ్య అమ్మవారి చెక్క బొమ్మలకు రంగులు వేస్తాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పనిమంతుడే, కాదనను. కానీ చేతిలో చింత బరిగె లేకుంటే నోట మాట పెగలని మనిషి.

కొడుకు మహిపాల్‌కు ఆ బరిగెతోనే పని నేర్పాడు. కనుబొమ వంకరైతే ఒక దెబ్బ, పెదవి రంగు జారితే రెండు. కనుపాప చెదిరిందా, ఇక వాడి వీపు చిట్లాల్సిందే. కూతురు యాదలక్ష్మి మూలన బండ మీద రంగులు నూరేది. ఆమెకు ఎవరూ ఏదీ చెప్పలేదు. అన్న మీద దెబ్బ ఎప్పుడు పడిందో చూసి, తప్పు ఎక్కడుందో పట్టుకునేది. అన్న ఏడుపుతో తను నేర్చుకున్నానని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ముద్ద దిగదు.

పదిహేనో ఏట ఒక మధ్యాహ్నం, తండ్రి రంగులు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ పోయిన వేళ, ఉండబట్టలేక ఒక పాత చెక్క మీద రెండు కళ్లు దిద్దింది. మట్టయ్య వచ్చి చూసి నిలబడిపోయాడు. "శెభాష్‌రా మహిపాల్!" అని మొదటిసారి కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. తండ్రి చెయ్యి మీద పడగానే వాడు హడలిపోయి నిజం కక్కేశాడు.

"నేను గాదు నాయినా, చెల్లె ఏసింది."

అంతే! మట్టయ్య కూతురి కుడిచేతిని బండకు అదిమిపెట్టి, నూరే రాయితో కొట్టాడు. "రేపు ఇంకో ఇంటికి పోయేదానివి. మా తాతల పని మూట గట్టుకపోయి ఆళ్లకిస్తవానే?"

రెండు వేళ్లు విరిగాయి. దవాఖానలో జారిపడ్డానని చెప్పమన్నాడు, చెప్పింది. ఆ వేళ్లు మళ్లీ పూర్తిగా వంగలేదు. వాటిని చూసి వచ్చిన సంబంధాలన్నీ వెనక్కిపోయాయి. మహిపాల్ ఆ నెలలోనే పారిపోయి పండ్ల లారీ మీద పనికి కుదిరాడు.

పదేళ్ల కిందట మట్టయ్య చేతులు వణకడం మొదలుపెట్టాయి. వేరే దిక్కులేక అప్పటి నుంచి, మిగిలిన వేళ్లతోనే, కళ్లు పెట్టేది యాదలక్ష్మే, కానీ తెర వెనుక. రెండో కన్ను తెరుచుకోగానే అమ్మవారి తొలిచూపు మనిషి మీద పడితే ప్రాణం పోతుందని వాళ్ల నమ్మకం. అందుకే ఎదురుగా గుమ్మడికాయ పెట్టి, పక్క నుంచి కన్ను దిద్ది, తర్వాత దాన్ని పగలగొడతారు. పని కాగానే మట్టయ్య కుంచె పట్టుకుని బయటికొచ్చి శాలువా కప్పించుకునేవాడు. సిగ్గులేని ముసలోడు!

ఈ ఏడు బోనాలకు హయత్‌నగర్ ఎల్లమ్మ బొమ్మ వచ్చింది. కళ్లు పెట్టే రోజు గుడి పెద్ద బిక్షమయ్య డప్పులతో షెడ్డు ముందుకొచ్చి అడిగాడు.

"నీ బిడ్డకు గూడ పనొస్తదా మట్టయ్యా?"

"గది రంగులు నూరుతది, గంతే."

తెర వెనుక యాదలక్ష్మి ఆ మాట విన్నది. మొదటి కన్ను పూర్తి చేసి కుంచె ఆపింది. లోపలికొచ్చిన తండ్రితో అన్నది, "బయటికి పోయి చెప్పు నాయినా. కండ్లు పెట్టేది నేనని చెప్పు."

బరిగె వీపు మీద పడింది. మళ్లీ పడింది. రవిక చిరిగి నెత్తురు చిమ్మింది. మూడోసారి లేచేలోపు ఆమె గుమ్మడికాయ ఎత్తి నేలకేసి కొట్టింది. తండ్రి మెడ పట్టి ఈడ్చి, ఒంటికన్ను అమ్మవారి ఎదుట కూలేసింది. కుంచె రెండో కన్ను దగ్గరికి తీసుకుపోయింది.

"ఇప్పుడు ముందట నువ్వే ఉన్నవ్. చెప్తవా, పెట్టమంటవా?"

మట్టయ్య ఆ చేతిని చూశాడు. అది వణకడం లేదు.

"నా బిడ్డ! కండ్లు పెట్టేది నా బిడ్డే!" గొంతు చిరిగేలా అరిచాడు. "పదేండ్ల సంది అన్ని గదే పెట్టింది!"

డప్పులు ఆగిపోయాయి. "పెదనాయినా, ఇంకో గుమ్మడికాయ తెప్పియ్యిండ్రి," అని యాదలక్ష్మి బిక్షమయ్యను కేకేసింది. కాయ వచ్చింది. కన్ను పెట్టింది. కాయ తనే పగలగొట్టి బయటికొచ్చింది. బిక్షమయ్య శాలువా ఆమెకే కప్పాడు. అది వీపు మీది నెత్తురుకు అంటుకుపోయింది.

అందరూ వెళ్లాక లోపలికొచ్చి, బండ మీది నూరే రాయి చేతిలోకి తీసుకుంది. మట్టయ్య గబుక్కున రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

ఆమె రాయి అతని ముందు పెట్టింది.

"రేపటి సంది రంగులు నువ్వు నూరు నాయినా."