చచ్చినవాళ్ళు లేవని ఆట

మా అరుగు మీద ఆడిన ఆటకు నేను పెట్టిన నియమాలు చాలానే ఉండేవి. అన్నిటినీ ఏదో ఒకరోజు కొంత సడలించాను, ఒక్కదాన్ని తప్ప. ఆటలో చచ్చినవాళ్ళు మళ్ళీ లేవరు. ఆ ఒక్క నియమం మీదనే ఆట రెండు ముక్కలైంది, దానితోపాటు ఇల్లు కూడా.

మాది మగ్గాల ఊరు. మగవాళ్ళు సాంచాల మీదికి పోతే ఆడవాళ్ళం ఇంట్లో బీడీలు చేసేవాళ్ళం. కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ. పొద్దంతా వంచిన తల ఎత్తేది లేదు. నేను చెప్పేది ఎనభైల నాటి మాట. పెద్దకొడుకు, కోడలు బతకడానికి భీవండి పోతూ వాళ్ళ బిడ్డను నా దగ్గర వదిలారు. చిన్నకొడుకు ఊళ్ళోనే సాంచా నడిపేవాడు. వాడి పెళ్ళాం ఖానాపూర్ దిక్కు పిల్ల. అరుగు మీద నాలుగు చాటలు ఉండేవి: నాది, చిన్నకోడలిది, మనవరాలిది, పక్కింటి వదినెది.

చేతులు ఆడాలంటే చెవులకు ఏదో ఒక పని ఉండాలి. అందుకని నేను కథలు చెప్పేదాన్ని. నేను చదివింది రెండో తరగతి, కథలన్నీ మా అవ్వ నోట విన్నవే, తల్లిని మేం అవ్వ అంటాం. ఒకరోజు రాజు కొడుకు రాక్షసి కోటకు పోతుంటే మనవరాలు అడ్డం వచ్చింది.

"బాపమ్మా, వాడెందుకు గా దారి పట్టిండు? నేనైతె వాగెంబడి పోత."

"పో, మొసలి మింగుతది."

"మింగది. ముందుగాల రాయి ఇసిరి సూస్త."

మింగుతుందో మింగదో నాకూ తెలియలేదు. గూట్లో ఉన్న గవ్వలు తెచ్చి వేయమన్నాను. ఎక్కువ గవ్వలు వెల్లకిల పడితే దాటినట్టు, ఎక్కువ బోర్ల పడితే దెబ్బ తగిలినట్టు, అన్నీ బోర్ల పడితే పోయినట్టు. పిల్ల దాటింది. ఆ రోజు నుంచి రాజు కొడుకును ఇంటికి పంపేశాం. అడవి నాది, అడవిలోకి పోయేది వాళ్ళు.

ఊరికే ఆడనిస్తానా? ఒక కట్ట కడితేనే ఒకసారి గవ్వలు. కట్టలో వదులు బీడీ కనబడితే ఆ కట్టకు ఆట లేదు. నోట అన్న మాట అన్నట్టే, తర్వాత "గట్ల గాదు, గిట్ల" అంటే చెల్లదు. ఒకరి పని ఇంకొకరు చెప్పొద్దు. ఆట పేరు చెప్పి పొయ్యి మీద చాయ్ రెండోసారి పెట్టొద్దు. చచ్చినవాళ్ళు కథ ముగిసేదాకా నోరు మూసుకొని బీడీలు చేయాలి.

నియమం పెట్టడంలో ఏముంది, నడపడంలో ఉంటుంది తిప్పలంతా. పక్కింటి వదినె కథలో దొంగది అయింది. అందుకు ఆమెకు వేషం అక్కర్లేదు. గవ్వలను అరచేతిలో పేర్చుకొని మెల్లగా జారవిడిచేది.

"ఇసురు వదినె. పసిపోరల లెక్క పండవెడుతున్నవేంది?"

"చేతికి వాతం వదినె. లేస్తలేదు."

"గవ్వలకే లేస్తలేదు. అన్నానికి మంచిగనే లేస్తది."

అప్పటి నుంచి గవ్వలను కొబ్బరిచిప్పలో వేసి గలగలలాడించి బోర్లించాలన్నాను. మూడోనాడే ఆమె దొంగది పులి నోట పడింది. ఎంత మొత్తుకున్నా లేపలేదు. కథ తీరేదాకా మూతి ముడుచుకొని బీడీలు చేసి, మరుసటి కథలో ఆ దొంగదాని చెల్లెలై వచ్చింది. మనవరాలిది ఇంకో తిప్పలు. పులి వచ్చినా చీమ వచ్చినా దానితో ముచ్చట పెట్టాలి. "పులికి పెండ్లయిందా బాపమ్మా?" అని అడిగితే నేనేం చెప్పను? కానీ మా కట్టలు మాత్రం వాడకట్టులో అందరికంటే ముందే కార్ఖానాకు పోయేవి.

చిన్నకోడలు చాలారోజులు ఆడలేదు. అంతకుముందు చలికాలంలో ఆమెకు పుట్టిన ఆడపిల్ల జ్వరంతో పోయింది. నెత్తి నిలపడం కూడా రాని పిల్ల. అప్పటి నుంచి పెట్టింది సగం తిని, చెప్పింది చేయడమే, ఆమె నోట మాట లేదు. ఒకరోజు కట్ట కట్టి పక్కన పెట్టి కొబ్బరిచిప్ప అందుకుంది.

"గా గుడిసెలకు నేను పోత. లోపట ఎవలన్న ఉన్నరా అత్తా?"

అడవిలో గుడిసె నేను పెట్టిందే కానీ లోపల ఏముందో ఆలోచించలేదు. "పసిపిల్ల ఉన్నది" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఎత్తుకుంట" అంది.

అంతే, ఆ పిల్లను దించలేదు. రాక్షసి కోట ఎటు పోయిందో, ఆమె వేసే గవ్వలన్నీ పిల్ల పాలకే. మేక దొరుకుతుందా, దొరికితే పాలిస్తుందా, పిల్లకు చలి పెడుతుందా. వదినె విసుక్కునేది. "గిట్లయితె రాక్షసి ముసల్దయి తనంతట తనే సస్తది." అయినా నేను కోడలిని తొందరపెట్టలేదు. ఆమె చేతులు చకచకా ఆడుతున్నాయి. పళ్ళెంలో అన్నం మిగలడం లేదు. ఒకసారి వదినె మాటకు నవ్వింది కూడా.

తర్వాత వాగు వచ్చింది. పొంగిన వాగు. దాటితే గాని కోట లేదు. ముందే చెప్పాను.

"అన్ని బోర్ల పడితె చేతుల ఉన్నది వాగుకు పోతది. పిల్లను ఒడ్డున పెట్టి దాటుతవా?"

"ఎవలకిడిసి పోత?" అని చిప్ప బోర్లించింది.

అన్నీ బోర్ల పడ్డాయి.

కోడలు గవ్వల దిక్కే చూస్తూ, "ఇంకొక్కపారి ఎయ్యనీ అత్తా" అంది.

"లేదు."

"ఇంకో రెండు కట్టలు కట్టిస్త."

"పది కట్టలు కట్టినా లేదు."

"ఆటనే గద వదినె, ఇయ్యరాదు" అని పక్కింటామె.

"నీకియ్యలే. గామెకెట్లిస్త?"

మనవరాలు నా మోకాలు పట్టుకుంది. "పిల్లను చేప మింగింది అందాం బాపమ్మా. చేప కడుపుల మంచిగ ఉన్నదందాం."

"పోయిందంటే పోయింది" అన్నాను.

కోడలు ఒళ్ళో చాట దించి, కొంగుకు అంటిన తంబాకు దులుపుకొని లోపలికి పోయింది. మర్నాడు ఆమె చాట అరుగు మీదికి రాలేదు. వెనుక అర్రలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "ఆటల పిల్లను లేపితె నీదేం పోతుండె అవ్వా?"

"పోయిన నీ అన్నలిద్దరిని లేపిన్రారా ఎవలన్న?" అన్నాను. వాడు తల వంచుకొని పోయాడు. వాడు వాళ్ళను చూడనైనా లేదు.

ఒకే వానాకాలంలో నాకు ఇద్దరు మగపిల్లలు పోయారు, అమ్మవారు పోసి. రెండోవాణ్ణి పూడ్చి వచ్చిన మర్నాడే మా అత్త నా ముందు చర్కా పెట్టి, "కండెలు ఎవలు సుడుతరు?" అంది. నేనే చుట్టాను. ఇంకొక్కసారి వేసుకో అని నాకు ఎవరూ చిప్ప అందించలేదు. నేను నేర్చింది అదే, కోడలికి చెప్పిందీ అదే. ఆటలో లేచిన పిల్ల ఆట ముగిసేసరికి మళ్ళీ పోతుంది. ఒకసారి ఏడ్చినదానికి రోజూ ఏడవాలి. అది నేను ఇప్పటికీ నమ్ముతాను.

వెనుక అర్రలో వేరే ఆట మొదలైంది. గవ్వలు నా దగ్గర ఉన్నాయని చింతగింజలు రెండు బద్దలు చేసి వాటితో ఆడారు. మొదట పక్కింటామె అటు జారింది. "ఆడ సావు లేదట వదినె. నా దొంగది గూడ లేస్తదట" అని నాకే చెప్పి పోయింది. తర్వాత మనవరాలు. నేను ఒక్కదాన్నే అరుగు మీద. వాళ్ళ కట్టలు వదులైపోయి కార్ఖానాలో ఏరి పారేస్తున్నారు. ఆ మాట కొడుకుతో అంటే, "పోనీ అవ్వా, నవ్వుతున్నది గద" అన్నాడు. నేను నవ్వుతున్నానా ఏడుస్తున్నానా అని ఈ ఇంట్లో చూసినవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం నీళ్ళకని లోపలికి పోతే గోడ అవతలి నుంచి మాటలు వినబడ్డాయి.

"చేపను కోసిన చిన్నమ్మా. పిల్ల ఉన్నదా?" అంటున్నది మనవరాలు.

"ఉన్నది. కాళ్ళు కొట్టుకుంట నవ్వుతున్నది. ఆగు, ఇంక లోపటికి సూడు. ఇద్దరు పోరగాండ్లు గూడ ఉన్నరు. పెద్దోని చేతుల కండె ఉన్నది."

చెంబు అక్కడే పెట్టేశాను. ఆ పోయిన ఇద్దరిలో పెద్దవాడు పోయేటప్పుడు చేతిలో దారపు కండె పట్టుకొని ఉన్నాడు. వేళ్ళు విప్పి తీయాల్సి వచ్చింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కోడలికి ఒక్కసారి చెప్పాను, ఆమె పిల్ల పోయిన రోజున, ఒక్క ముద్దయినా తింటుందేమోనని.

తలుపు తోసుకొని పోయాను. "నా పిల్లలను ముట్టుకునే హక్కు నీకెవలిచ్చిన్రు?"

పక్కింటామె చాట సర్దుకుంది. కోడలు లేవలేదు, తల మాత్రం ఎత్తింది. ఎదురు చెప్పినట్టు కాదు, అన్నం వడ్డించేటప్పుడు అడిగినట్టు చెప్పింది.

"నువ్వు ఒద్దంటివి గద అత్తా. పోయిన్రంటే పోయిన్రంటివి. గాళ్ళకు ఎవలున్నరు మల్ల? నా పిల్లతోని సాదుకుంటున్న."

"తియ్యి గాళ్ళను. నీ ఆటల్నుంచి తియ్యి."

"ఎట్ల తియ్యాలె? సంపాల్నా?"

అడవి నడిపినదాన్ని, ఎవరు ఎటు పోయినా ఏం జరుగుతుందో చెప్పినదాన్ని నేనే. "సంపు" అనడానికి నోరు రాలేదు. ఉండనీ అనడానికీ రాలేదు. బయటికి వచ్చేశాను.

ఆ రోజే నా చాటను అరుగు ఆ చివరికి, పక్క సందులోని సాంచాల మోత గట్టిగా వినబడే దిక్కుకు జరుపుకున్నాను. అక్కడ కూర్చుంటే లోపలి మాటలు వినబడవు. మనవరాలు ఉండబట్టలేక అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చునేది.

"బాపమ్మా, పెద్దోడు ఇయ్యాల ఏమన్నడో ఎరికేనా?"

"ఆకు తడిపినవా?"

"లే."

"మరి లెవ్వు. పో."

ఎండిన ఆకు చుడితే చిట్లుతుంది. పిల్ల లేచి పోయేది. ఆ అర్రలో నా పిల్లలిద్దరినీ ఎంతవాళ్ళను చేశారో నేను అడగలేదు.