డాక్టరుగారి కోటు చేతులు

కత్తెర పెద్దమ్మ కోపానికి కుట్టుమిషన్లు కూడా వణుకుతాయి. అయినా లంగా అంచు తెగ్గొయ్యాలన్నా మూడుసార్లు అడిగి, సుద్దతో గీసి చూపించి గానీ కత్తెర పెట్టదు.

పుట్టినప్పుడు ఆమె ఒళ్లు ఆడో మగో తేలేలా లేదని పెద్ద డాక్టరు కోసి, ఆడపిల్లని రాసి పంపాడు. ఐదేళ్లు నిండేలోగా ఇంకో మూడుసార్లు కోశాడు. నలభై ఏళ్లయినా ఆ నొప్పి పోలేదు. వాళ్లమ్మ ఈ సంగతి చచ్చేముందు గానీ చెప్పలేదు.

ఇప్పుడు చెల్లెలి కూతురికి అలాంటి బిడ్డే పుట్టింది. పాలు తాగుతోంది, ఉచ్చ పోస్తోంది, పైకప్పు ఎగిరేలా ఏడుస్తోంది. ఏ జబ్బూ లేదు. అయినా శుక్రవారం ఆపరేషనన్నాడు అదే డాక్టరు.

బుధవారం ఆయన తన సన్మానానికి కోటు సరిచేయించుకోడానికి పెద్దమ్మ కుట్టుషాపుకొచ్చాడు. పెద్దమ్మ ఎవరో ఆయనకి గుర్తే లేదు. బిడ్డతో మూల కూర్చున్న తల్లిని చూసి తలూపాడు.

"నడుం దగ్గర కాస్త వదులు చెయ్యమ్మా, చాలు."

పెద్దమ్మ కోటు బల్లమీద పరిచి, టేపైనా పట్టకుండా దాని కుడిచెయ్యి కరకరా కత్తిరించేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"పొడుగనిపించిందండీ. చూసేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉండదూ?" రెండో చెయ్యీ తెగింది.

"నా కోటది! నన్నడగక్కర్లేదా?"

"నలభై ఏళ్ల కిందట నన్నడిగారా? ఇప్పుడు ఈ పసిదాన్నడిగారా?"

డాక్టరు కోటు లాక్కున్నాడు. "అది వేరమ్మా. రేపు పెళ్లయితే మొగుడికి..."

"ఇరవై రోజుల పసిగుడ్డుకి మొగుడి సుఖం కొలుస్తున్నారా? మగాడికి సరిపోయేలా కత్తిరించడానికి అదేమన్నా చొక్కానా?"

మూలనుంచి తల్లి లేచింది. "కొయ్యకపోతే నా బిడ్డ చచ్చిపోతుందా? అవునో కాదో చెప్పండి."

"చావదు, కానీ..."

"అయితే మేం రావట్లేదు. ఆ కానీలేవో, దానికి ఊహ తెలిశాక దాన్నే అడగండి."

చేతుల్లేని కోటు తొడుక్కుని డాక్టరు ఈకలు పీకిన కోడిలా వీధి దాటాడు. చూసినవాళ్లు వెయ్యిమంది. ఇస్త్రీవాడు నలుగురే అంటాడు గానీ వాడికి లెక్కలు రావు.

"కసి తీరిందా పెద్దమ్మా?" అడిగింది బిడ్డ తల్లి.

"ఎక్కడే! ఆ డాక్టరు రేపు ఇంకో కోటు కుట్టించుకుంటాడు. నాకు ఇంకో ఒళ్లెవరు కుడతారు?"

ఆ రెండు చేతుల్నీ షాపు గుమ్మానికి మేకులు కొట్టి వేలాడదీసింది. ఆస్పత్రికెళ్లే దారి అదే మరి.