చెంబులో పడని కడియం

ఆముదం వాసన ఇప్పటికీ నాకు పడదు. మొన్న మనవరాలి చేతికి గాజు ఇరుక్కుంటే కోడలు ఆముదం రాసి లాగుతోంది, నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను. ముసలమ్మ చాదస్తం అనుకున్నారు, అనుకోనీ. ఆ జిడ్డు వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది హోలీనాటి సాయంత్రం, మా ఊరి మొగవాళ్లు చేతుల వెండి, ఇత్తడి అంతా ఊడదీసుకునే సందడి.

బోధన్ పక్కన మా ఊరు, చుట్టూ చెరుకు. మా దగ్గర మాటకంటే ముందు చెయ్యి లేచేది. పంతులు కొట్టేవాడు, మేం బాపు అని పిలిచే నాన్న కొట్టేవాడు, అవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే కట్టె విసిరి గురి తప్పకుండా కొట్టేది. ఏడాదంతా ఇట్లా చిల్లరగా కొట్టుకున్నది చాలదన్నట్టు హోలీనాడు ఊరంతా కలిసి పిడిగుద్దులాట ఆడేది. పొద్దున మోదుగుపూల రంగు, మెడలో చక్కెర పేర్ల దండలు, నేతిలో మునిగిన పోలెలు. పొద్దు వాలేసరికి రెండు గుంజల మధ్య లావుపాటి తాడు కట్టి, అటొక వరుస ఇటొక వరుస నిలబడి, ఎడమచేత్తో తాడు పట్టుకుని కుడిచేత్తో ఎదుటివాణ్ణి ఎక్కడ దొరికితే అక్కడ గుద్దడం. డప్పు ఆగితే ఆట ఆగాలి. కాముణ్ణి కాల్చిన బూడిద దెబ్బలకు రాసుకుని, కొట్టినవాణ్ణే కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఎవరు కొట్టారని ఆ తర్వాత ఎవరినీ అడగకూడదు. ఆ కట్టుబాటు ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

గుద్దుకు పదును ఉండకూడదని ఆటకు ముందు ఉంగరాలు, కడియాలు తీసేయాలి. అవి వేయించుకునే ఇత్తడి చెంబు ఆ ఏడు నా చేతిలో పెట్టారు. నాకు పదేళ్లు, ఐదో తరగతి. బిగుసుకున్న కడియాలకు ఆముదం రాసి ఒక్కొక్కరే తీసి వేస్తున్నారు. చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, తన వెండి కడియం చెంబులో వేసి నా బుగ్గ గిల్లాడు. దాని జోడు బాపు చేతికి ఉండేది, తాత పోతూ జత విడదీసి చెరొకటి ఇచ్చాడు. చెరుకుమడికి నీళ్ల వంతు దగ్గర ఆ అన్నదమ్ములకు మాటలు లేక అప్పటికి నెల దాటింది. బాపు కుడిచెయ్యి కండువా కింద దాచుకుని, చెంబు వైపు చూడకుండా నా ముందు నుంచి నడిచిపోయి, సరిగ్గా తమ్ముడికి ఎదురుగా తాడు పట్టుకున్నాడు. నాకు అర్థమైంది. ఒక్క కేక వేస్తే ఆట ఆగేది. బాపంటే భయం, వేయలేదు.

డప్పు మోగింది. తడిబట్టలు బండకేసి బాదుతున్నట్టు గుద్దుల చప్పుడు. పెదాలు చిట్లాయి, ముక్కులు పగిలాయి, ఎవరిదో పన్ను నా కాళ్ల దగ్గర పడింది, జనం ఈలలు వేశారు. డప్పు ఆగాక చూస్తే చిన్నబాపు మోకాళ్లమీద ఉన్నాడు. ఎడమకన్ను మూసుకున్న వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. బాపే బూడిద తెచ్చి రాశాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

తెల్లారి ముగ్గురం నిజామాబాద్ రైలెక్కాం. వాళ్లిద్దరికీ చదువు రాదు, ఆసుపత్రి చీటీలు చదవడానికి నన్ను తీసుకుపోయారు. అదే నా మొదటి రైలు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, చిన్నబాపు పక్కన మూలుగుతుంటే కూడా నాకు సంబరంగానే ఉంది. కళ్లలో బొగ్గు నలుసులు, చక్కెర మిల్లు తీపి కమురు, కళ్లాల దగ్గర ఉడుకుతున్న పసుపు ఆవిరి, గేటు దగ్గర ఆగిన చెరుకు బండ్ల వరస. ఒకచోట చేనంతా కొట్టేయగా చివరి మడి మిగిలింది, దాని చుట్టూ జనం కర్రలతో కాసుకుని ఉన్నారు. అడవిపంది బయటికి దూకింది, పది కర్రలు ఒక్కసారే దాని మీద దిగాయి. అది అరుస్తుండగానే రైలు నింపాదిగా దాటిపోయింది. చిన్నబాపుకు కట్టు కట్టిన కన్ను అటువైపు. ఏమవుతోందని అడిగితే పందిని చంపుతున్నారని చెప్పాను. జానకంపేట స్టేషన్లో బాపు నీళ్లకు దిగినప్పుడు, చిన్నబాపు గొంతు తగ్గించి ఇంకొకటి అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. మీ బాపు కడెం చెంబుల పడ్డదా?"

"పడ్డది" అన్నాను.

ఆ కంటికి ఇక చూపు రాదన్నాడు డాక్టరు. తిరుగు రైలు సాయంత్రానికి గానీ లేదు. తోటలో పాతకాలపు వస్తువులు చూపించే అజాయబ్‌ఘర్ ఉందట, ఉన్న ఒక్క కన్నుతోనైనా అది చూసిపోతానన్నాడు చిన్నబాపు. రెండే గదులు, గబ్బిలాల కంపు. తుప్పుపట్టిన కత్తులు, బల్లేలు, కాళ్లు బిగించే బొండకొయ్య, తలలు పగలగొట్టిన రాతి బొమ్మలు. గడ్డం ముసలాయన, అక్కడి కాపలాదారు, ఏ కత్తి ఎట్లా దిగుతుందో చేత్తో చూపిస్తూ ముచ్చటగా చెబుతున్నాడు. ఆఖరి అల్మారాలో పాత కడియాలు ఉన్నాయి. చీటీ చదవమన్నాడు చిన్నబాపు. పురుషుల ఆభరణాలు అని చదివాను. ఆయన నవ్వాడు.

"అన్నా, గివి నగలంట. నీది చెంబుల ఏసినవని బిడ్డ చెప్పింది. మరి నా కన్ను ఎవని నగ తీసిందో."

బాపు నా వైపు చూశాడు. అబద్ధమాడితే వీపు చిట్లగొట్టే మనిషి. నేను నేల చూశాను. బాపు బయటికి నడిచాడు. ముంగిట్లో పాత ఫిరంగి ఉంది. కుడిచెయ్యి ఎత్తి కడియాన్ని దాని ఇనుప అంచుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కడియం వంగి మాంసంలోకి దిగింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది. అయినా ఆపలేదు. చిన్నబాపు ఒంటికన్నుతో మెట్టు అంచనా తప్పి పడి, లేచి, ఉరికి వెనకనుంచి వాటేసుకున్నాడు.

"చెయ్యి ఇరగ్గొట్టుకుంటె నా కన్నొస్తదా? చెరుకెవడు కొట్టాలె?"

"మరిచిపోయి కాదు తమ్మీ. తెలిసే తియ్యలె."

మళ్లీ అదే ఆసుపత్రి. మణికట్టులో దిగిన కడియాన్ని విప్పదీశారు. రక్తం కడిగి ఇవ్వబోతే బాపు తీసుకోలేదు, వెంట వచ్చిన కాపలా ముసలాయన చేతిలో పెట్టించి అల్మారాలోనే ఉంచుకోమన్నాడు. తిరుగు రైల్లో చిన్నబాపు చెరుకుగడ పళ్లతో చీల్చి, ముక్కలు చేసి, అన్న నోట్లో పెట్టాడు. బాపు నములుతూ ఏడ్చాడు. ఆ చెయ్యి సరిగా అతకలేదు. ఆ ఏడు ఇద్దరి చెరుకూ చిన్నబాపే కొట్టాడు. బాపు నన్ను మళ్లీ ఎన్నడూ కొట్టలేదు, ఆ అబద్ధం గురించి అడగనూ లేదు. అడిగి, కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇప్పుడు ఆ బొగ్గు రైలు లేదు, మిల్లు గొట్టంలో పొగ లేదు, అన్నదమ్ములిద్దరూ లేరు. తొంభై దాటి ఈమధ్యే పోయిన చిన్నబాపు కడియం నాకు వచ్చింది. దాన్ని జోడు పక్కన పెట్టించాలని నిన్న బస్సులో ఆ అజాయబ్‌ఘర్‌కు పోయాను. వంకరపోయిన కడియం అద్దం వెనక అట్లాగే ఉంది, అదే చీటీ, పురుషుల ఆభరణాలు. రిజిస్టరు పట్టుకున్న అమ్మాయి, దీని సంగతి మీకేమైనా తెలుసా అమ్మమ్మా అని అడిగింది.

చిన్నబాపు రైల్లో అడిగిన తీరే, మెల్లగా అడిగింది.

"రాసుకో బిడ్డా" అన్నాను. "చెంబుల పడలే."