మా అత్త చెప్పిన ఇంగ్లీషు పాఠం

మా మేనత్త పోయింది. కబురు చెప్పింది ఆమె అన్న, అంటే మా పెదనాన్న. "అత్త పాయమ్మా. పుణ్యాత్మురాలు, గడప దాటకుండా బతికింది" అన్నాడు ఫోన్లో. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్లు మండింది. దాటనివ్వనిది ఎవరో బ్రూస్‌పేటలో మా వీధి మొత్తానికీ తెలుసు.

ఆమెను మీరు ఎరగరు కాబట్టి చెబుతున్నాను. చిన్నప్పుడు అత్త నాట్యం నేర్చుకోబోతే, బట్టల వ్యాపారం చేసుకునే ఇంట్లో ఈ చిందులేమిటని ఈ అన్నే ఆమె గజ్జెలను పాత ఇత్తడి కింద తూకానికి వేశాడు. అత్త ఆ సంగతి ఎన్నడూ ఏడుస్తూ చెప్పలేదు, పళ్లు బిగించి చెప్పేది. "నా ఒక్కదాని గజ్జెలు అమ్మినాడు కదా. వీధిలో పిల్లోళ్లనందరినీ ఆడిస్తా, సూస్తా ఉండు."

అన్నంత పనీ చేసింది. ఎప్పుడో టీవీలో బాలే అనే విదేశీ నాట్య ప్రదర్శన చూసి, డిస్కులమ్మే అంగడివాడికి కబురు మీద కబురు పంపి ప్రాణం తీసి అలాంటివి తెప్పించుకుంది. ఆదివారం మధ్యాహ్నం పెదనాన్న కునుకు తీసే వేళకు, వెనక గోడౌనులో బట్టల మూటల మధ్య టీవీ పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టేది. మన నాట్యమే చూపించొచ్చు కదా అని అడిగాను.

"మన ఆటయితే ఎవురు ఆడాల, ఎవురు ఆడకూడదని మీ పెద్దోళ్లు మొదులుపెడతారు. ఇది యాడి ఆటో వాళ్లకు తెల్దు. ఏమని తిడతారు?"

ఒకసారి పెదనాన్న టీవీ వెనకవైపు తలుపులోంచి తొంగిచూసి "ఏందిది?" అన్నాడు. అత్త తడుముకోలేదు. "ఇంగ్లీషు పాఠమన్నా" అంది. ఆయన సంతోషంగా తలూపి మళ్లీ పడుకున్నాడు.

మొదట శబ్దం తీసేసి చూపించేది. "కాళ్లు ఏం చెప్తాండాయో సూడండి" అనేది. మూటలు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడబోయి మేం దబ్బున పడితే, "పడితే పడినావులే. సుమ్నే అట్ల ఊరికే కూచోవద్దు, లెయ్" అని కసిరేది. చివరి ఆట రాగానే మాత్రం టీవీ ఆపేసేది. "ఆకరిది మీరు ఆడి సూపించండి." ఆ ప్రదర్శనలు నిజంగా ఎలా ముగుస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. మా ముగింపులే గుర్తున్నాయి.

పెద్దకర్మ నాడు బంధువులంతా కూర్చున్నాక పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "దుడ్డు తీసుకోకుండా పిల్లోళ్లకు ఇంగ్లీషు నేర్పించింది మా చెల్లెలు. గోడౌను నేనే ఇచ్చినా." నేను ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే.

"ఆ పాఠం అందరికీ సూపిస్తా, పెద్నాయనా" అన్నాను. ఆయనే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అత్త డిస్కు ఒకటి టీవీలో పెట్టాను. తెర మీద మునివేళ్లపై ఒక అమ్మాయి గిర్రున తిరిగింది. ఆమెను నడుం పట్టి ఒకతను పైకెత్తాడు.

"ఏంది మే ఇది! ఆపు!"

"ఇంగ్లీషు పాఠం. తావు ఇచ్చింది నువ్వే అంటివి కదా."

వెనక కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది ఆ గోడౌనులో పడి లేచినవాళ్లే. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పక్కనున్న పెద్దాయన "శానా బాగుండాది, ఉండనీప్పా" అన్నాడు. అందరి ముందూ గొప్ప చెప్పుకున్న నోటితో ఇక కాదనలేక పెదనాన్న ముఖం మాడ్చుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇది రాస్తున్నప్పుడూ కలగడం లేదు.

చివరి ఆట రాగానే అత్తలాగే ఆపేశాను. పెదనాన్న మనవరాలు లేచింది. మొన్నమొన్నటిదాకా వారం వారం తాతను అడిగి మరీ ఇంగ్లీషు పాఠానికి వెళ్లిన పిల్ల. ఆసరాకు అక్కడ మూటలు లేవు. అటూ ఇటూ చూసి తాత భుజం మీద చేయి వేసి, మునివేళ్ల మీద లేచి, రెండో చేయి గాలిలోకి చాచింది.

పెదనాన్న కదిలితే పిల్ల పడుతుంది. అందరూ చూస్తుండగా ఆయన బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. ఆ భుజం పట్టుకునే పిల్ల ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.