నేను మార్చి పెట్టిన రెండు బటన్లు

మా కంప్యూటర్ సార్ పోయారని పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. అయ్యో అన్నాను. ఆ వెంటనే ఒక పాడు ఆలోచన మెదిలింది: ఇక నా సంగతి ఆయనకు తెలిసే దారి లేదు. అలా ఊపిరి పీల్చుకున్నవాడు రాస్తున్న మాటలివి. చదివి తిట్టుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ధర్మవరంలో పట్టునూలు అమ్మే డిపోలో నేను తూకం వేసేవాణ్ణి. చదువు తొమ్మిదితో ఆగినా నోరు ఆగలేదు. సార్ రోజూ పెనుకొండ నుంచి పాసింజర్ రైల్లో వచ్చేవారు. నూలు వివరాలన్నీ హిందూపురం ఆఫీసులోని పెద్ద కంప్యూటర్లో ఉండేవి. మా కంప్యూటర్ ఫోన్ లైన్ మీద దాన్ని పిలిచి, పేరూ పాస్‌వర్డూ సరిగ్గా చెబితేనే రసీదు వచ్చేది. రసీదు లేనిదే నేతగాళ్లకు నూలు లేదు. మూడుసార్లు తప్పు కొడితే అది మా మొహాన తలుపేసేది.

అలాంటి రోజు సార్ విసుక్కునేవారు కాదు. రిసీవర్ చెవికి పెట్టుకుని ముందు లైన్ వినేవారు, తర్వాత పేరు చూసేవారు, ఆ తర్వాత పాస్‌వర్డ్. "ముందు మన తప్పు చూసుకోవల్లప్పా. మిషన్ తప్పు ఆఖర్న" అనేవారు. నేను ఆయన చెప్పులు దాచినా, గొడుగులో శనక్కాయల పొట్టు పోసినా, "నీకు వయసు ఎప్పుడొస్తాదప్పా" అని నవ్వేవారు.

ఒక ఏడు ఆయుధపూజకు తక్కెడతో పాటు కీబోర్డు కూడా నన్నే శుభ్రం చేయమన్నారు. బటన్లు ఊడదీసి, కడిగి, తిరిగి పెట్టేటప్పుడు రెండు అటూ ఇటూ చేశాను. ఆయన రెండు వేళ్లతో, చూసి కొట్టే మనిషి. పేరులో ఆ అక్షరాలు లేవు కాబట్టి పేరు సరిగ్గానే పడింది. పాస్‌వర్డ్ దగ్గర కనిపించేవి చుక్కలే. మూడుసార్లు కొట్టారు, తలుపు పడింది. హిందూపురానికి ఫోన్ చేసి తీయించుకున్నారు. మళ్లీ పడింది. నేను నూలు మూటల వెనక నవ్వుకుంటున్నాను.

మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. అంతలో హిందూపురం మేనేజరు ఫోన్లో అరిచాడు, పాస్‌వర్డ్ మరిచావా, బయటివాళ్లకు చెప్పావా అని. సార్ నిలబడి, "మరిచినట్టుండాను సార్. తప్పు నాదే" అన్నారు. నేను మూటలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆయన రైలుకు వెళ్లాక బటన్లు సర్దేశాను. మరునాడు మొదటిసారికే తలుపు తెరుచుకుంది. దాంతో తప్పు ఆయన బుర్రదేనని అందరికీ, అందరికన్నా ముందు ఆయనకే, రుజువైపోయింది. వారంలో ఆయన్ను కంప్యూటర్ పని నుంచి తీసేసి, మూటలు లెక్కపెట్టే పనికి పెనుకొండ గోడౌనుకు మార్చారు. తర్వాత కలిసినప్పుడల్లా చెప్పబోయి, ఏదో జోకు చెప్పి వచ్చేసేవాణ్ణి.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. గోడల నిండా ఆయన చేతిరాత చీటీలు. తలుపు పక్కన 'తాళం రెండుసార్లు లాగి చూడు'. పొయ్యి పైన 'గ్యాస్ కట్టేశావా'. మందుల గూటికి మూడు. "ఆ ఆఫీసు సంగతైనప్పట్నుంచీ ఇంతేప్పా" అంది సార్ భార్య. "నా మతిని నమ్మొద్దే అంటాండె. నాకు తెలిసి ఒక్కటీ మర్చిపోలేదు."

అక్కడే అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. కొంగు అంచు మడుస్తూ, "ఆయన ఉండంగా చెప్పింటే సరిపోతాండె కదప్పా" అంది.

లేచి, తలుపు పక్క చీటీని గోరుతో గీకి ఊడదీసింది. తర్వాత పొయ్యి పైది. గోడంతా పొగచూరి ఉంది. చీటీ ఊడిన చోటల్లా, చీటీ అంత మేరే, పాత నీలం రంగు చెక్కుచెదరకుండా బయటపడుతోంది.