నలభై ఒకటి దగ్గర ఆగిన ఫైలు

ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. ప్రేమ, మరణం, యంత్రాలతో యుద్ధం, అన్నీ ఉన్నాయి. నిజానికి అంత లేదు. ఒక ఫైలు అద్దంకి నుంచి హైదరాబాదు వెళ్ళింది, అంతే.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. కరెంటే నిలవని ఊళ్ళో దయ్యం ఏం చూసుకుని నిలుస్తుంది?

రెండు వేల ఎనిమిది ప్రాంతంలో అద్దంకిలో ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేవాణ్ణి. మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు. ఓనరు కూడా రాడు. మేడ మీద గదిలో నేను, కంప్యూటరు, ఫ్యాను. ముగ్గురిలో ఎక్కువ మాట్లాడేది ఫ్యానే.

అలాంటి రోజుల్లో కోటయ్య బాబాయ్ వచ్చాడు. మిరప రైతు. చుట్టమేం కాదు, ఆయన కూతురి పెళ్ళి వీడియో చేసింది నేను. పెళ్ళైన ఏడాదికి ఆయన భార్య పోయింది. సీడీ పెట్టుకుని చూస్తే ఆవిడ పెదాలు కదులుతున్నాయట, మాట మాత్రం లేదట.

"మీ పిన్ని గొంతేదిరా అబ్బాయ్?"

"అక్కడ సినిమా పాట వేశాను బాబాయ్."

"ఎవడడిగాడ్రా నిన్ను పాట?"

ఎవరూ అడగలేదు. మా పనిలో అది ఆనవాయితీ. ముందు అసలు మాటలన్నీ తుడిచేసి, తర్వాత మొదటి నుంచి చివరిదాకా పాటలు పరుస్తాం. ఎంతమంది గొంతులు నా చేతిమీదుగా పోయాయో లెక్క లేదు.

మాటలున్న అసలు ముక్క పాత హార్డ్ డిస్కులో దొరికింది. నాలుగు జీబీ పైనే ఉంది, తెరుచుకోదు. హైదరాబాదులో నా స్నేహితుడు శీను పాడైన వీడియోలు బాగుచేస్తాడు. డిస్కు పట్టుకుని బస్సెక్కుదామంటే అది అప్పటికే టిక్కుటిక్కుమంటోంది, కుదుపులకు బతకదు. డీవీడీ రైటరు పోయి నెలైంది, కంప్యూటర్లో అంత ఖాళీ లేదు. ఇక ఇంటర్నెట్టే దిక్కు.

పెద్ద ఫైళ్ళు పంపే సైట్లు మూడు పట్టుకుని, నోటుబుక్కులో గీతలు గీసి పోల్చాను. మొదటిది ఎంత పెద్ద ఫైలైనా అంది, వంద ఎంబీ దాటగానే క్షమించమంది. రెండోది అన్నిటికంటే వేగం, కానీ కరెంటు పోతే మళ్ళీ సున్నా నుంచి మొదలు. మూడోది నత్త, అయితే ఆగినచోట నుంచే సాగుతుంది. దానికే ఓటేశాను.

శాతం మారినప్పుడల్లా అంకె పైకి చదివేవాణ్ణి. ఎవరికి చదువుతున్నావని అడిగే మనిషి కూడా లేడు.

మర్నాడు పదకొండింటికి, నలభై ఒకటి దగ్గర కరెంటు పోయింది. వచ్చాక సిస్టం పెడితే డిస్కు కనపడలేదు. టిక్కు కూడా లేదు. విప్పి బల్లమీద పెట్టాను. రిపేరు షాపతను చెవి దగ్గర పెట్టుకుని విని, పోయిందన్నాడు. బాబాయ్ ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఏం చెప్పను, రెండోసారి కూడా నేనే తుడిచేశాననా?

సాయంత్రం శీను ఫోన్.

"ఫైలు మొత్తం వచ్చిందిరా. శుభ్రంగా ఆడుతోంది. బాగుచెయ్యడానికేముంది ఇందులో?"

"సగం కూడా పంపలేదురా."

"పోరా, తాగావా?"

సైజు చదవమన్నాను. నోటుబుక్కులో నేను రాసుకున్న అంకెతో చివరి బైటు దాకా సరిపోయింది. నా తెరమీద ఇంకా నలభై ఒకటే ఉంది. డిస్కు నా ఎదురుగా, వైరు లేకుండా పడుంది. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

ఆవిడ మాట ఉన్న ముక్క మాత్రం కోసి మెయిల్ చెయ్యమన్నాను. పంపాడు. బాబాయ్‌ని పిలిపించి వినిపించాను.

"నన్నేం తీస్తావులే నాయనా, పిల్లని తియ్యి."

కెమెరామన్ బుద్ధిమంతుడు, పిల్లవైపు తిరిగాడు. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

బాబాయ్ నాలుగుసార్లు విన్నాడు. "ఇదేరా" అన్నాడు. నాకు జోకేమీ తట్టలేదు.

మిగతా యాభై తొమ్మిది శాతం ఎక్కణ్ణుంచి వెళ్ళిందో ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళను అడిగితే సర్వర్ అన్నారు. తెలియనప్పుడు వాళ్ళనే మాట అదే.

బాబాయ్ ఇంట్లో కంప్యూటరు లేదు, టేప్‌రికార్డరుంది. క్యాసెట్టుకెక్కించి ఇచ్చాను. ఆవిడ మాట నాలుగు సెకన్లు. అద్దంకిలో అరవై నిమిషాల క్యాసెట్టు కంటే చిన్నది దొరకలేదు.